లోటు అన్ని కణాలదీ, దెబ్బ కొన్నింటికే

 

ఆర్‌ఎన్‌ఏ, రైబోజోములు, కేంద్రకాంశం గురించి ఈ సదస్సులో ఎన్నో పత్రాలు వినబోతున్నాం. అంతకుముందు ఒక్క ప్రశ్న మీ ముందుంచుతాను. ప్రొటీన్ తయారు కావాలంటే ఏ కణానికైనా రైబోజోము ఉండాల్సిందే. మరి దాని తయారీలో లోపం ఉంటే ఒళ్లంతా ఒకేలా దెబ్బతినాలి కదా! అలా జరగడం లేదు. ఒక బిడ్డకు నెత్తురు పట్టదు. ఇంకో బిడ్డకు చెంప ఎముకలు సరిగా పెరగవు. ఎందుకని?

పెరుగుతున్న కణం రెండుగా విడిపోయేలోగా కోటి దాకా రైబోజోములను కూర్చుకోవాలి. మనిషి రైబోజోములో ఆర్‌ఎన్‌ఏలు నాలుగు, ప్రొటీన్లు 80 దాకా ఉంటాయి. కూర్పు చాలావరకు కేంద్రకాంశంలోనే జరుగుతుంది. అది క్రోమోజోములో ఒక నిర్దిష్ట స్థానం నుంచి ఏర్పడుతుందని బార్బరా మెక్‌క్లింటాక్ 1934లో మొక్కజొన్నలో చూపించారు. మనుషుల్లో ఆ స్థానాలు 13, 14, 15, 21, 22 క్రోమోజోముల పొట్టి చేతుల మీద ఉన్నాయి.

కేంద్రకాంశం చేసే పని ఏమిటో తేల్చి చెప్పింది మాత్రం ఒక కప్ప. 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో జెనోపస్ అనే ఆఫ్రికా కప్పలను పరిశీలిస్తుంటే, కణానికి రెండు కేంద్రకాంశాలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉన్న కప్పలు కనిపించాయి. అలాంటి రెండింటిని జత కలిపితే, పిల్లల్లో నాలుగో వంతుకు కేంద్రకాంశమే ఉండదు. అయినా ఆ పిండాలు గుడ్డులోంచి బయటికొచ్చి, తోకకప్పలై కొన్నాళ్లు ఈదాయి. ఆ తర్వాత చనిపోయాయి. డొనాల్డ్ బ్రౌన్, జాన్ గుర్డన్ 1964లో దీనికి కారణం చూపించారు. ఆ పిండాలు కొత్త రైబోజోము ఆర్‌ఎన్‌ఏను అసలు తయారు చేసుకోవడం లేదు. తల్లి గుడ్డులో దాచిపెట్టిన రైబోజోములతోనే అన్నాళ్లూ నెట్టుకొచ్చాయి. ఎదుగుదలలో ఏ దశలో ఎంత గిరాకీ ఉంటుందన్నదే ప్రాణం నిలిచేదీ లేనిదీ నిర్ణయిస్తుందని మనకు అప్పుడే సూచన అందింది.

ఆ సూచన మనుషుల జబ్బుల్లో రుజువైంది. ట్రీచర్ కాలిన్స్ జబ్బులో చెంపలు, దవడ, చెవులు సరిగా రూపుదిద్దుకోవు. దీనికి ప్రధాన కారణమైన టీసీఓఎఫ్1 జన్యువును 1996లో గుర్తించారు. దాని ప్రొటీన్ కేంద్రకాంశంలో రైబోజోము ఆర్‌ఎన్‌ఏ తయారీకి తోడ్పడుతుంది. పిండంలో ముఖానికి ఎముకనూ మృదులాస్థినీ ఇచ్చే న్యూరల్ క్రెస్ట్ కణాలు చాలా వేగంగా విభజన చెందుతాయి. అందుకే లోటు తగిలేది ముందు వాటికే.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా చూడాలి. కూర్పు చెడినప్పుడు రైబోజోములో చేరాల్సిన ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 అనే ప్రొటీన్లు మిగిలిపోయి, ఎండీఎం2 అనే ప్రొటీన్‌ను పట్టేసుకుంటాయి. పీ53 అనే మరో ప్రొటీన్‌ను అదుపులో ఉంచేది ఈ ఎండీఎం2యే. అదుపు తప్పిన పీ53 కణవిభజనను ఆపేస్తుంది, లేదా కణాన్నే చంపేస్తుంది. 2008లో ఈ జబ్బున్న ఎలుక పిండాల్లో పీ53ని అడ్డుకుంటే, రైబోజోముల లోటు అలాగే ఉన్నా ముఖం చక్కగా ఏర్పడింది. అంటే ముఖాన్ని చెరిపింది లోటు ఒక్కటే కాదు, ఆ లోటుకు కణం వేసుకున్న శిక్ష కూడా. అలాగని పీ53ని ఎక్కడపడితే అక్కడ ఆపలేం; క్యాన్సర్ నుంచి మనల్ని కాపాడేదీ అదే.

నెత్తురు సంగతికొద్దాం. 1938లో బోస్టన్ వైద్యులు డైమండ్, బ్లాక్‌ఫాన్ పసిపిల్లల్లో ఒక రకం రక్తహీనతను వివరించారు. 1999లో దానికి కారణమైన మొదటి జన్యువు దొరికింది: ఆర్‌పీఎస్19, అదీ ఒక రైబోజోము ప్రొటీన్‌దే. రోగుల్లో దాదాపు నాలుగో వంతుకు లోపం ఇందులోనే ఉంది. రైబోజోములు తగ్గినప్పుడు, ఎర్ర రక్తకణాల పుట్టుకను నడిపించే గాటా1 ప్రొటీన్ తయారీ మరీ కుంటుపడుతుందని తర్వాత తెలిసింది. అన్ని సందేశ ఆర్‌ఎన్‌ఏలూ ఆ కరువును ఒకేలా తట్టుకోలేవు.

కనుక మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: లోటు అంతటా ఉన్నా, ఏ కణానికి ఎప్పుడు ఎంత అవసరమన్న దాన్నిబట్టే దెబ్బ పడుతుంది. రైబోజోమును ఎప్పుడూ ఒకేలా నడిచే మామూలు యంత్రమని పక్కన పెట్టే అలవాటు మనం మానుకోవాలి.

పరిశోధకులకు నా మనవి: ఒక జన్యువు పాడైందని చెప్పి ఆగకండి. ఏ కణంలో, ఏ రోజున, ఏ ప్రొటీన్ తగ్గిందో కొలవండి. పిల్లల వైద్యులకు మరో మనవి. ఏడాది నిండని బిడ్డ పాలిపోయి వస్తే మనకు ముందు ఐరన్ లోపమే గుర్తొస్తుంది. ఎర్రకణాలు పెద్దవిగా ఉండి, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ మామూలుగానే ఉంటే, రెటిక్యులోసైట్ల లెక్క తప్పక చూడండి. అది బాగా పడిపోయి ఉంటే డైమండ్-బ్లాక్‌ఫాన్ జబ్బును అనుమానించి, జన్యు పరీక్షకు పంపండి. ఆ బిడ్డకు ఐరన్ మందు మేలు చేయదు. మాటిమాటికీ రక్తం ఎక్కిస్తే ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది. స్టెరాయిడ్లకు చాలామంది పిల్లలు స్పందిస్తారు, కొందరికి ఎముక మజ్జ మార్పిడి దారి చూపిస్తుంది. జబ్బును సకాలంలో గుర్తించడం మన చేతుల్లో ఉంది. ఆ పని చేద్దాం.