మళ్లీ పట్టుబడితే



ఈ రోజు మాట ఒక కాగితం గురించి.

ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇల్లాలు పొదుపు సంఘంలో ఉంది. సంఘం అప్పుతో ఆటో కొన్నారు. బండి ఆమె పేరు మీదే ఉంది. భర్త తోలుతాడు. బాడుగ వస్తేనే పొయ్యి వెలుగుతుంది. నెలనెలా కిస్తీ కట్టాలి.

రెండేళ్ల కిందట అతను తాగి ఆటో తోలాడు. పోలీసులు ఆపారు. మిషన్‌లో ఊదించారు. కోర్టులో జరిమానా పడింది. ఆరు నెలలు లైసెన్సు పోయింది. ఆమె చెవి కమ్మలు కుదువకు పోయాయి. "ఇంక తాగి తోలనే" అని అతను బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. మొన్న సంక్రాంతికి మళ్లీ పట్టుబడ్డాడు.

కోర్టు కాగితం వచ్చింది. అతను దాన్ని చూరులో దోపాడు. ఆమె తీసింది. కూడబలుక్కుని చదివింది. కోర్టు పేరు ఉంది. వాయిదా తేదీ ఉంది. 185 అనే అంకె ఉంది.

185 అంటే ఏమిటి? 1988 మోటారు వాహనాల చట్టంలో అది ఒక సెక్షను. తాగి బండి నడిపితే ఆ సెక్షను కింద కేసు పెడతారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ మద్యం ఉంటే నేరం. మజ్జిగ తాగినా, నిమ్మకాయ నాకినా, వక్కపొడి నమిలినా ఆ లెక్క తగ్గదు.

2019లో చట్టం మార్చి జరిమానా పెంచారు. మొదటిసారి అయితే 10 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి అయితే 15 వేల జరిమానా, లేదా 2 ఏళ్ల వరకు జైలు, లేదా రెండూ. ఏ శిక్ష వెయ్యాలో జడ్జిగారు చూసి నిర్ణయిస్తారు. పాత కేసు కోర్టు రికార్డులో ఉంటుంది. దాచినా దాగదు.

లైసెన్సు సంగతి కూడా ఉంది. నేరం రుజువైతే కనీసం 6 నెలలు బండి తోలకుండా కోర్టు ఆపాలని చట్టం చెబుతోంది. ఆ రోజుల్లో దొంగతనంగా తోలితే అది ఇంకో కేసు. బండి ఓనరు తెలిసి ఇస్తే ఓనరుదీ తప్పే. 5 వేల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇక్కడ ఓనరు ఎవరు? ఆ ఇల్లాలే కదా!

ఇంతలో ఒక దళారి వచ్చాడు. "అమ్మా, మూడు వేలు ఇయ్యి. కేసే లేకుండా చేస్తా. కోర్టుకు పోనే వద్దు" అన్నాడు. అలాంటి మాట నమ్మకండి. డబ్బూ పోతుంది, వాయిదా కూడా తప్పుతుంది. వాయిదాకు పోకపోతే వారంటు రావచ్చు. కోర్టులో కట్టే జరిమానాకు రసీదు ఇస్తారు. రసీదు లేని డబ్బు ఎవరికీ ఇవ్వకండి.

మరి ఏం చెయ్యాలి? వాయిదాకు ముందే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోవాలి. అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు. అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతని అడగరు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయం తక్కువగా ఉండాలి. పాత కేసు కాగితాలు, లైసెన్సు, బండి కాగితాలు అన్నీ తీసుకుపోవాలి. వకీలు దగ్గర ఏదీ దాచకూడదు.

తాగుడు రోగమని కూడా తెలుసుకోండి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు రావచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మాన్పించే చోటు ఎక్కడుందో 14446కు ఫోను చేస్తే చెబుతారు. తాళం చెవి అడిగినందుకు మీ మీద చెయ్యి చేసుకుంటే ఊరుకోకండి. 181కు ఫోను చెయ్యండి.

జైలు, జరిమానా ఒక ఎత్తు. తాగి తోలిన బండి కింద ఎవరి బిడ్డయినా పడితే? 15 వేలతో ఆ ప్రాణం తిరిగి వస్తుందా?

1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లు కూడా మీలాగే కూడబలుక్కుని చదివినవాళ్లే.

సంఘంలో కూర్చుని మాట్లాడుకోండి. మీ ఇంట్లో బండి ఎవరి పేరు మీద ఉంది? చూరులో దోపిన కాగితం ఏదైనా ఉందా? సాయంత్రం తాగి వస్తే, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?