గురి వీపులో ఉంది

ఒలింపిక్స్ విలువిద్యలో లక్ష్యం 70 మీటర్ల దూరాన ఉంటుంది. పది పాయింట్ల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లే, టీ సాసరు కన్నా చిన్నది! చెయ్యి కాస్త కదలడం సహజం. దాన్ని బలవంతంగా ఆపబోతే ఇంకా పెరుగుతుంది. నారిని లాగాల్సింది వీపు కండరాలతో. ఆ నారి ప్రతిసారీ గడ్డం కింద ఒకే చోట ఆనాలి. వింటికి క్లిక్కర్ అనే సన్నని రేకు ఉంటుంది. బాణం మొన దాటగానే అది టిక్కుమంటుంది, అప్పుడే వేళ్లు వదలాలి. వదిలాక కూడా విల్లు పట్టిన చెయ్యి వెంటనే దించకూడదు. ఎక్కడ తగిలిందోనని తొంగిచూసే తొందరే, నన్నడిగితే, కొత్తవాళ్ల గురిని ఎక్కువగా చెడగొడుతుంది.

మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది మాత్రం కాంపౌండ్ అనే వేరే రకం విల్లు, దూరం 50 మీటర్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె 3 స్వర్ణాలు గెలిచింది.