పి.ఎస్.ఎ. పెరిగితే ముందు సూదా, స్కానింగా?

 

షుగరు, బీపీ చూపించుకోవడానికి మనకు మొహమాటం లేదు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే పెద్దాయన మాత్రం ఆ సంగతి కొడుక్కి కూడా చెప్పడు. చాలామందిలో అది వయసుతో ప్రోస్టేట్ గ్రంథి పెరగడమే, క్యాన్సర్ కాదు. అసలు క్యాన్సర్ మొదట్లో ఏ బాధా పెట్టకపోవచ్చు. అందుకే పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష. అయితే గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పి.ఎస్.ఎ. ఎక్కువ రావచ్చు. కాగితం చూసి హడలిపోకండి.

ఇదివరకు ఆ అంకె పెరిగితే నేరుగా బయాప్సీయే. మలద్వారం గుండా పది పన్నెండు చోట్ల సూది గుచ్చి ముక్కలు తీసేవారు. గడ్డ ఎక్కడుందో తెలియకుండా గుచ్చడం అది. సూది పక్కనుంచి పోతే జబ్బు దొరకదు. బ్రిటన్‌లో 576 మందిపై జరిపి 2017లో ప్రకటించిన ‘ప్రామిస్’ అధ్యయనంలో, ముదిరే రకం క్యాన్సర్ ఉన్న ప్రతి వందమందిలో ఆ పాత బయాప్సీ 48 మందినే పట్టుకుంది; ఎం.ఆర్.ఐ. 93 మందిని. ముందు స్కాన్ తీస్తే నాలుగోవంతు మందికి సూది తప్పించవచ్చని కూడా తేలింది. కాబట్టి డాక్టరు సూది అనగానే, “ముందు ఎం.ఆర్.ఐ. తీయిద్దామా?” అని అడగండి.

రిపోర్టులో 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. 4, 5 వస్తే బయాప్సీ తప్పదు, క్యాన్సరని తేల్చేది అదే. కాకపోతే ఇప్పుడు సూది చోటు తెలిసి వెళ్తుంది. 1, 2 వచ్చినా పి.ఎస్.ఎ. మానేయకూడదు.

ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. మిషను చప్పుడు గట్టిగానే ఉంటుంది, కదలకుండా పడుకోవాలి. ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గదిలోకి వెళ్లకముందే చెప్పాలి.