బడి విడిచిన తరువాత

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



బడి చరిత్రను పెద్దలు చక్కగా వివరించారు. నేను బడి విడిచిన తరువాతి మూడు గంటలను గురించి మాత్రమే మాట్లాడదలచాను. సాయంకాలం నాలుగు మొదలు ఏడు వరకు మన ఆండర్సన్‌పేట పిల్లలు ఎక్కడ ఉంటున్నారు?

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఈ ప్రశ్న మరింత కఠినమైనది. గనుల కాలంలో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన తండ్రులుండేవారు. వీధికి పెద్దదిక్కు ఉండేది. నేడు వేలాదిమంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, పిల్లలు నిద్రకు పడే వేళకు తిరిగి వస్తున్నారు. అంతవరకు పిల్లలను కనిపెట్టి ఉండేది అవ్వా తాతలే. వారికి కాళ్లలో సత్తువ లేదు. పిల్లలకు కాలు నిలువదు.

వీధిలో ఆడితే బండ్ల భయం. గుట్టలెక్కితే దుమ్ము. సైనైడు దిబ్బలని మనం పిలుచుకొనే ఈ గుట్టలు మామూలు మన్ను కావు. రాతిని పిండిచేసి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని లాగివేయగా మిగిలిన పొడి. మూడు కోట్ల టన్నులకు పైబడిన ఆ పొడిలో సిలికా ఉన్నది. మన తాతల ఊపిరితిత్తులను తినివేసిన సిలికోసిస్‌కు కారణం గనిలోని సిలికా ధూళియే గదా! ఆ గుట్టలమీద జారి ఆడుకొనే పిల్లలను గద్దించుట సులభం. వేరొక జారుడుబల్ల చూపించామా?

పేటకొక పిల్లల పార్కు కావాలి. దానికి లక్షల ఖరీదు పరికరాలు అవసరమని భయపడనక్కర లేదు. డెన్మార్కులో సోరెన్సెన్ అనే ఉద్యాన శిల్పి, తీర్చిదిద్దిన తోటలకంటె పారవేసిన సామాన్లతోనే పిల్లలు ఇష్టంగా ఆడుకొనుట గమనించాడు. ఆయన ఆలోచన ననుసరించి 1943లో ఎమ్‌డ్రప్ అనేచోట పాత చెక్కలు, ఇటుకలతో ఆటస్థలం ఏర్పడినది. జీవనది లేని కోలారు జిల్లాకు పచ్చిక తివాసీలు తగవు. కానుగ, వేప చాలు. ఇనుప జారుడుబల్లను చెట్టునీడన నిలపాలి. లేకుంటే వేసవిలో తొడలు కాలుతాయి. ఊయెల క్రింద సిమెంటు వద్దు, ఇసుక పోయాలి. అవ్వా తాతలకు అరుగులు, త్రాగునీరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి తప్పనిసరి.

ఆడపిల్లల మాట వచ్చింది గనుక ఇంకొక మాట. మన బడి మైదానంలోనే చూస్తున్నాను. నాలుగో తరగతి వరకు తొక్కుడుబిళ్ల, ఖోఖో ఆడిన బాలిక ఏడో తరగతికి వచ్చేసరికి గోడ ప్రక్కన నిలబడి చూస్తుంది. మైదానమంతా క్రికెట్టు ఆక్రమిస్తుంది. మగపిల్లలది దౌర్జన్యమని నేననను. హద్దు గీయని పెద్దలదే లోపం. పార్కులో క్రికెట్టుకు ఒక మూల చాలు. పసివాండ్లకు, బాలికలకు విడిగా స్థలముండాలి, సాయంకాలం దీపాలుండాలి.

ప్రొద్దున పెద్దలు నడవనీ, ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరగనీ, సంతోషమే. పెళ్లిపందిళ్లకు, బండ్లు నిలుపుకొనుటకు మాత్రం ఇవ్వరాదు. గుంజలు పాతిన గుంటలను పూడ్చినవారిని నేనింతవరకు చూడలేదు.

ఖాళీ స్థలం కనిపిస్తే కట్టడం లేపాలనుకొనే కాలమిది. బెంగళూరు రాజమహల్ విలాస్ విస్తరణలో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకొనుటకు ఒక ప్రైవేటు సంస్థకు ఇస్తే, ఆ వీధుల నివాసులే న్యాయస్థానానికి పోయారు. ఆసుపత్రి మంచిదే, అయినా పార్కు స్థలంలో కూడదని 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. పార్కుల, ఆటస్థలాల రక్షణకు కర్ణాటకలో 1985 నాటి చట్టమున్నది. అడిగేవారు లేకుంటే చట్టం బీరువాలోనే ఉంటుంది. పురసభకు మనమివ్వబోయే అర్జీ కార్యాలయపు బల్లమీద ఉంచాము. సంతకాలు చేసి వెళ్లవలసినదిగా కోరుచున్నాను.

పార్కు వచ్చేవరకు పిల్లలు ఆగరు. వచ్చే సోమవారం నుండి మన బడి మైదానం సాయంకాలం నాలుగున్నర మొదలు ఆరున్నర వరకు పేట పిల్లలందరికీ తెరచి ఉంటుంది. మన బడి పిల్లలే కానవసరం లేదు; ఏ భాష మాట్లాడే ఇంటివారైనా రావచ్చు. రోజుకు ఇద్దరు పెద్దలు దగ్గర ఉండాలి. పేర్లు వ్రాయుటకు అర్జీ ప్రక్కనే ఒక పుస్తకం పెట్టించాను. సోమ, మంగళవారాలకు మా ఉపాధ్యాయులు వ్రాశారు. బుధవారం నుండి ఖాళీగా ఉన్నది.