గోండిలో నాలుగు మాటలు

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండులు జరుపుకునే నాగోబా జాతరకు వెళ్లే శ్రోతలకు ఒక మనవి. బయల్దేరే ముందు నాలుగు గోండి ముక్కలు నేర్చుకోండి. సంతలో తెలుగుతోనూ పని జరిగిపోతుంది, నిజమే. కానీ పూసల దండలు ఏరుతూ "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్" అని పైకి లెక్కపెట్టి చూడండి. దండలమ్మే పెద్దమ్మ చెయ్యి ఆగిపోతుంది. తలెత్తి చూస్తుంది. పక్కనున్నావిడను మోచేత్తో పొడిచి, మళ్లీ అనమంటుంది.

ఎందుకంత ఆశ్చర్యం? 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అయినా ఆ భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. బడికి, ఆసుపత్రికి, కచేరీకి వాళ్లే మన భాష నేర్చుకుని వస్తారు. మనం వాళ్ల భాషలోకి వెళ్లడం బహు అరుదు. ఇది నన్ను బాధించే విషయం.

వెళ్లినవాళ్లు లేకపోలేదు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయి గూడెంలో ఉండి గోండి నేర్చుకున్నారు. గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారు చేయించారు. అక్కడివాళ్లు ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటారు.

మీరూ నాలుగు ముక్కలు అని చూడండి. ఉచ్చారణ తప్పితే గోండులే సరిదిద్దుతారు, సంకోచించకండి. ఇక జాతర పుష్య అమావాస్య రాత్రి గోండుల్లోని మెస్రం వంశీయుల మహాపూజతో మొదలవుతుంది.