స్టార్లు చూసి డొనేట్ చేస్తున్నారా? ఆ స్టార్లు దేనికిచ్చారో కూడా చూడండి

ఈ రోజు టాపిక్ డొనేషన్. కోట్లు ఇచ్చే పెద్దవాళ్ల గురించి కాదు, ఫోన్ స్క్రోల్ చేస్తూ వందో రెండొందలో పంపించే మన గురించే.

వరదలొచ్చినప్పుడో, ఎవరికో ఆపరేషన్ అన్నప్పుడో మనకొక ఫార్వర్డ్ వస్తుంది. ఒక ఫోటో, రెండు లైన్ల కథ, కింద క్యూఆర్ కోడ్. చూడగానే మనసు కరుగుతుంది. అది మంచి గుణమే. కానీ మనల్ని బాగా ఏడిపించే పోస్టు పెట్టినవాళ్లు, బాగా పని చేసేవాళ్లు ఒక్కరే అయి ఉండాలని లేదు కదా. తప్పు చోటికి వంద వెళ్తే మన వంద మాత్రమే పోదు. నిజంగా పని చేసే సంస్థకి అందాల్సిన వంద కూడా పోతుంది. ఒకసారి మోసపోయాక "ఇక ఎవరికీ ఇవ్వను" అనుకుంటాం చూడండి, అసలు నష్టం అక్కడ.

ఒక నిజమైన కేసు చెప్తాను. 2015 మేలో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 50 రాష్ట్రాలూ కలిసి నాలుగు క్యాన్సర్ చారిటీల మీద కేసు వేశాయి. పేషెంట్లకి సాయం అని చెప్పి 18.7 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారని, అందులో చాలా డబ్బు కార్లకి, షికార్లకి, సొంతవాళ్ల జీతాలకి, విరాళాలు వసూలు చేసిపెట్టే కంపెనీలకి పోయిందని ఆరోపణ. చివరికి సెటిల్‌మెంట్ అయ్యి ఆ సంస్థలు మూతపడ్డాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అందులో ఒక సంస్థ పేరు అంతకు రెండేళ్ల ముందే, 2013లో, టాంపా బే టైమ్స్ పత్రిక వాళ్లు వేసిన "చెత్త చారిటీల" లిస్టులో ఉంది. వాళ్లకి సీక్రెట్ పేపర్లేం దొరకలేదు. ఆ చారిటీలు ప్రభుత్వానికి ఇచ్చిన పన్ను లెక్కలే ఎక్కువగా చదివారు. అంటే సమాచారం బయటే ఉంది, చదివే ఓపిక దాతలకి లేదు. మన తరఫున కూర్చుని చదివిపెట్టడమే ఇండిపెండెంట్ రేటింగ్ చేసే పని.

2001లో మొదలైన చారిటీ నావిగేటర్ ఇలాంటిదే. చారిటీలు పన్ను శాఖకిచ్చే 990 అనే ఫారం వగైరా చూసి వందకి మార్కులేస్తుంది, 90 లేదా ఆపైన వస్తే నాలుగు స్టార్లు. రేటింగ్ ఇచ్చినందుకు చారిటీల దగ్గర ఫీజు తీసుకోదు. ఇండిపెండెంట్ అనే మాటకి అర్థం అదే. పరీక్ష రాసేవాడి దగ్గరే డబ్బు తీసుకుని మార్కులేస్తే ఆ మార్కుల్ని ఎవరు నమ్ముతారు?

మరి స్టార్లు చూసి పంపించేస్తే సరిపోతుందా? సరిపోదు. ఒక్కో రేటింగ్ ఒక్కో ప్రశ్న అడుగుతుంది. "లెక్కలు సరిగ్గా చూపిస్తున్నారా?" అనేది ఒక ప్రశ్న. "ఆ పని వల్ల మనుషుల బతుకు మారిందా?" అనేది పూర్తిగా వేరే ప్రశ్న. 2007లో మొదలైన గివ్‌వెల్ ఈ రెండో ప్రశ్నే పట్టుకుంది. అందుకే వాళ్లు సిఫార్సు చేసే పేర్లు చాలా తక్కువ. మలేరియా రాకుండా దోమతెరలు పంచే సంస్థ లాంటివి, ఫలితం కొలవడానికి వీలున్నవి.

ఇంకో అపోహ కూడా ఉంది. "నా రూపాయిలో ఆఫీసు ఖర్చు ఎంత తక్కువైతే అంత మంచి సంస్థ" అనుకుంటాం. 2013లో చారిటీ నావిగేటర్, గైడ్‌స్టార్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ ముగ్గురూ కలిసి దాతలకి బహిరంగ లేఖ రాశారు, ఆ ఒక్క లెక్కతో చారిటీని తూచొద్దని. స్కూల్ నడపాలంటే అకౌంటెంట్ కావాలి, టీచర్లకి ట్రైనింగ్ కావాలి. అవి మానేసి ఖర్చు తక్కువ చూపించడం గొప్ప కాదు.

ఇప్పుడు మన దేశానికొద్దాం. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థకి ఒక ఐడీ ఉంటుంది. అది నమోదు మాత్రమే, మార్కులు కాదు. 80జి ఉందంటే దాతలకి పన్ను మినహాయింపు విషయంలో ఆదాయపన్ను శాఖ ఆమోదం ఉన్నట్టు. పని గొప్పగా చేస్తున్నారని కాదు. గైడ్‌స్టార్ ఇండియా ఇచ్చే గోల్డ్, ప్లాటినం లాంటి సర్టిఫికెట్లు ముఖ్యంగా పారదర్శకత గురించి చెప్తాయి. ఇవన్నీ పనికొచ్చేవే. ఏది ఏం చెప్తుందో తెలిసి వాడుకోవాలి, అంతే.

సరే, పంపించే ముందు ఐదు నిమిషాల్లో ఏం చెయ్యొచ్చు?

ఒకటి, క్యూఆర్ స్కాన్ చేశాక స్క్రీన్ మీద ఏ పేరొస్తుందో చూడండి. ట్రస్టు పేరు చెప్పి, అక్కడ ఎవరో వ్యక్తి పేరొస్తే ఆగిపోండి.

రెండు, పోస్టులో ఉన్న సర్టిఫికెట్ లోగోని నమ్మకండి. లోగో ఎవరైనా అతికించొచ్చు. రేటింగ్ ఇచ్చినవాళ్ల సైట్‌కే వెళ్లి సంస్థ పేరు వెతకండి, ఏ సంవత్సరం రేటింగో కూడా చూడండి.

మూడు, సంస్థ సైట్‌లో వార్షిక నివేదిక, ఆడిట్ రిపోర్టు ఉన్నాయా? లేకపోతే మెయిల్ పెట్టి అడగండి. దాచేదేం లేనివాళ్లు మామూలుగా పంపిస్తారు.

నాలుగు, ఒక్క పేషెంట్ కోసం చేసే వసూళ్లకి ఈ రేటింగులు వర్తించవు. అక్కడ హాస్పిటల్ నంబర్ మీరే వెతికి ఫోన్ చెయ్యండి. డబ్బు నేరుగా హాస్పిటల్‌కే కట్టొచ్చా అని అడగండి.

ఒక మాట గుర్తుంచుకోండి. రేటింగ్ లేదు కాబట్టి దొంగ సంస్థ అని తేల్చెయ్యకండి. మన ఊళ్లో నలుగురు కలిసి నడిపే ట్యూషన్ సెంటర్‌కి రేటింగ్ ఎక్కడినుంచి వస్తుంది? అలాంటి చోట మీరే వెళ్లి చూడొచ్చు, పిల్లలతో మాట్లాడొచ్చు, ఖర్చుల పుస్తకం చూపించమని అడగొచ్చు. రేటింగ్ అవసరమయ్యేది మనం వెళ్లి చూడలేని చోటే. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడికి పంపించే మనవాళ్లకి అందుకే ఇది ఇంకా ముఖ్యం.

చివరిగా, ఇదంతా విని "అబ్బో, ఇంత తలనొప్పా, ఇవ్వకపోవడమే బెటర్" అనుకోకండి. చెక్ చెయ్యమన్నది ఇవ్వడం మానేయడానికి కాదు, ధైర్యంగా ఇవ్వడానికి. ఈ నెల ఒక్క సంస్థని ఎంచుకోండి, ఐదు నిమిషాలు చూడండి, నచ్చితే ప్రతి నెలా వంద పంపించండి. పది ఫార్వర్డ్‌లకి పది రూపాయల చొప్పున పంచడం కంటే అది వాళ్లకీ ఉపయోగం, మీకూ నిశ్చింత.