బొంతలలో దాగిన చరిత్ర
ఒక సీమ చరిత్ర యనగానే మనకు కోటలు, శాసనములు స్ఫురించును. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, విల్కాక్స్ కౌంటీ యను పల్లెసీమలో, నది మూడువైపుల చుట్టిన జీస్ బెండ్ గ్రామము కలదు. దాని చరిత్ర బొంతలలో నున్నది.

1816లో జోసెఫ్ జీ అను భూస్వామి బానిసలతో వచ్చి యచట ప్రత్తిసాగు నెలకొల్పెను. 1845లో ఆ భూమి మార్క్ పెట్‌వే వశమయ్యెను. ఆ బానిసల సంతతివారిలో పెక్కురకు నేటికిని పెట్‌వే యనునదే యింటిపేరు. వారి స్త్రీలు చలి కాచుకొనుటకు చినిగిన పనిబట్టలతో బొంతలు కుట్టిరి. 1942లో మిసోరీ పెట్‌వే, గతించిన భర్త బట్టలనే బొంతగా కూర్చి కప్పుకొనెను.

నల్లవారు ఓటుహక్కు కోరుచున్న తరుణమున, 1962లో, కౌంటీ కేంద్రమైన కామ్డెన్‌కు పోవు బల్లకట్టును అధికారులు నిలిపివేసిరి. ఏటి కావలి యూరికి చుట్టుత్రోవన గంటసేపు ప్రయాణ మయ్యెను. ఐనను వారు వెనుదీయలేదు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు సహకార సంఘముగా నేర్పడి బొంతల నమ్మిరి. 2002లో న్యూయార్క్ నగరపు విట్నీ మ్యూజియము వానిని ప్రదర్శించెను. 2006లో అవి తపాలాబిళ్ళల కెక్కినవి. ఆ యేడే బల్లకట్టు తిరిగి నడిచెను.

శాసనము చెక్కించుకొనలేనివారు సూదితో వ్రాసికొన్న చరిత్ర యిది. మన యిండ్లలోని పాతబొంతను పరచి చూచినచో, అట్టి చరిత్ర మనకును కానవచ్చును.